సూది వేయించిన సాయంత్రం లడ్డూ మూతి ఎందుకు ఉబ్బింది?

ప్రశ్న: డాక్టరు గారూ, మేము చెన్నై పెరంబూరులో ఉంటాం. మా లడ్డూ పగ్. మూడేళ్లు నిండాయి, బరువు ఏడున్నర కిలోలు. పోయిన ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం దగ్గర్లోని క్లినిక్‌కి తీసుకెళ్తే నైన్ ఇన్ వన్ (చాలా జబ్బులకు కలిపి వేసే టీకా), రేబిస్, ముక్కులో కెన్నెల్ కాఫ్ (కుక్కల అంటుదగ్గు) చుక్కలు అన్నీ ఒకే పూట వేశారు. ఇంటికి వచ్చిన గంటలోపే మూతి, కళ్లు వాచిపోయాయి. ఒళ్లంతా దద్దుర్లు, రెండుసార్లు వాంతి. క్లినిక్ మూసేశారు, ఫోన్ ఎత్తలేదు. పక్కింటావిడ డోలో 650 సగం వేయమన్నారు, భయమేసి వేయలేదు. చివరికి వేరే ఆస్పత్రిలో రెండు ఇంజెక్షన్లు చేస్తే తెల్లారేసరికి తగ్గింది. సూది వేసిన చోట గడ్డ మాత్రం నెల రోజులు ఉంది. వచ్చే నెల మళ్లీ వేయించాలి. మా అత్తగారు ఇక సూదులే వద్దంటున్నారు. మావారు చిన్న కుక్కే కదా, సగం డోసు వేయిద్దాం అంటున్నారు. అపార్ట్‌మెంట్ వాళ్లు సర్టిఫికెట్ అడుగుతున్నారు. ఏం చేయమంటారు? ఇంజెక్షన్ తర్వాత ఎన్నాళ్లకు స్నానం చేయించవచ్చు?

జవాబు:

అమ్మా, ముందు డోలో సంగతి. వేయనందుకు మీకు దణ్ణం. సగం మాత్ర అంటే 325 మిల్లీగ్రాములు. మేము ఎప్పుడైనా కుక్కకు పారాసెటమాల్ వాడాల్సి వచ్చినా, ఏడున్నర కిలోల ఒంటికి అందులో మూడో వంతు కూడా దాటం. ఎక్కువైతే లివర్ దెబ్బతింటుంది, రక్తం పాడవుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ ఇంకా ప్రమాదం, కడుపులో పుండ్లు పడతాయి, కిడ్నీలు పోతాయి. పైగా ఆ రాత్రి లడ్డూకి వచ్చింది జ్వరం కాదు, అలర్జీ. దానికి పారాసెటమాల్ చేసేది ఏమీ లేదు. పక్కింటావిడ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు. అయినా మన ఇంటి మందుల డబ్బా మనకే, కుక్కకు కాదు.

ఇక అసలు విషయం. టీకా తర్వాత ఏం వచ్చినా జనం ‘రియాక్షన్’ అనే ఒక్క మాటే వాడతారు. అందులో రెండు వేర్వేరు సంగతులు ఉన్నాయి. ఒకటి, టీకా పనిచేస్తున్నందువల్ల వచ్చే నలత. ఇంజెక్షన్ పడ్డ రోజూ మర్నాడూ కుక్క డీలాగా పడుకుంటుంది, అన్నం సగమే తింటుంది, కాస్త ఒళ్లు వెచ్చబడుతుంది, సూది వేసిన చోట తాకితే మూలుగుతుంది. ఒకటి రెండు రోజుల్లో మామూలైపోతుంది. చంటిపిల్లలకు టీకా వేయించిన ఏ తల్లికైనా ఇది తెలుసు. ముక్కులో చుక్కలు వేస్తే కొన్ని రోజులు తుమ్ములు, చిన్న దగ్గు కూడా ఉండొచ్చు. వీటికి భయపడక్కర్లేదు. ఏసీ గదో ఫ్యాను కిందో పడుకోనిచ్చి, పెరుగన్నం పెట్టి వదిలేయండి.

రెండోది అలర్జీ. మీ లడ్డూకి వచ్చింది ఇదే. మూతి బూరెలా పొంగడం, కనురెప్పలు వాయడం, దద్దుర్లు, వాంతులు. ఇది చాలావరకు నిమిషాల్లోనో కొద్ది గంటల్లోనో బయటపడుతుంది. అరుదుగా ఇంకా తీవ్రంగా వస్తుంది. వాంతి, విరేచనం ఒక్కసారిగా పట్టుకుని, చిగుళ్లు తెల్లబడి, కుక్క కాళ్లు తేలేసి పడిపోతుంది. దాన్ని అనఫిలాక్సిస్ అంటాం. అప్పుడు ప్రాణం నిలబెట్టేది అడ్రినలిన్ ఇంజెక్షన్, ఆపైన సెలైన్, ఆక్సిజన్. లడ్డూ అక్కడిదాకా వెళ్లలేదు. అలాగని తేలిగ్గా తీసిపారేసేదీ కాదు. వాపుతోబాటు వాంతులు కూడా అయ్యాయంటే దాన్ని మధ్యరకం అనుకోండి. వచ్చే నెల ఎవరి దగ్గరకు వెళ్లినా మీరు నోరు విప్పి మొట్టమొదట చెప్పాల్సిన మాట అదే.

‘అంతకుముందు రెండేళ్లు ఏమీ కాలేదు కదా’ అని మీకు అనిపించి ఉంటుంది. అలర్జీ తీరే అంత. మొదటిసారి ఒంట్లోకి వెళ్లినప్పుడు శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత ఎప్పుడో తిరగబడుతుంది. గమ్మత్తేమిటంటే, చాలాసార్లు అది తిరగబడేది టీకాలో ఉన్న వైరస్ మీద కాదు. వైరస్‌ను పెంచడానికి వాడిన ద్రవంలో దూడ సీరం ఉంటుంది. దాని ప్రొటీన్లు టీకాలో రవ్వంత మిగిలిపోతాయి. టీకా గిట్టక అలర్జీ వచ్చిన కుక్కల రక్తంలో ఆ ప్రొటీన్ల మీద యాంటీబాడీలు ఉన్నాయని జపాన్ పరిశోధకులు చూపించారు. అందుకే కొన్ని కుక్కలకు కంపెనీ మారిస్తే సరిపోతుంది, కొన్నింటికి సరిపోదు.

చిన్న కుక్కలకు ఈ బెడద ఎక్కువన్నది ఊహ కాదు. అమెరికాలో 12 లక్షలకు పైగా కుక్కల రికార్డులు పరిశీలించి 2005లో ఒక నివేదిక ప్రచురించారు. టీకా వేసిన మూడు రోజుల్లో ఏదో ఒక రియాక్షన్ నమోదైంది ప్రతి 10,000 కుక్కల్లో సుమారు 38కి. అంటే తక్కువే. కానీ అందులోనే ఇంకో లెక్క ఉంది, మీకు కావలసింది అది. ఒకే పూట వేసే ఇంజెక్షన్లలో ఒక్కోటి పెరిగేకొద్దీ, 10 కిలోల లోపు కుక్కల్లో రిస్క్ 27 శాతం చొప్పున పెరిగింది. 12 కిలోలు దాటిన వాటిలో ఆ పెరుగుదల 12 శాతమే. రియాక్షన్లు ఎక్కువ కనిపించిన జాతుల్లో డాక్స్‌హుండ్, పగ్, చివావా ఉన్నాయి. 2003లో హచ్ ఫోన్ యాడ్ వచ్చాక మన ఊళ్లలో ప్రతి మూడో ఇంటికీ ‘హచ్ కుక్క’ వచ్చి చేరింది కాబట్టి నా దగ్గరకు వచ్చే వాచిన మూతుల్లో పగ్‌లే ఎక్కువ. అసలే చప్పిడి ముక్కు, ఊపిరి తీసుకోవడమే కష్టం. దాని మీద మూతి, గొంతు వాస్తే మరీ ఇబ్బంది.

నా ఇంట్లో జరిగింది కూడా చెప్పుకోవాలి. చాలా ఏళ్ల కిందట మా డాక్స్‌హుండ్‌కి డైనింగ్ టేబుల్ మీద కూర్చోబెట్టి నేనే టీకా వేశాను. డాక్టరు ఇల్లు కదా, క్లినిక్‌కి తీసుకెళ్లడం ఎందుకన్న ధీమా. పది నిమిషాల్లో వాంతి చేసుకుని పక్కకు ఒరిగిపోయింది. అడ్రినలిన్ ఉన్న బ్యాగు కింద కారులో ఉంది, మేము మూడో అంతస్తు, లిఫ్ట్ రాలేదు. బతికింది, ఇంకో ఎనిమిదేళ్లు మమ్మల్ని సతాయించింది కూడా. కానీ ఆ మెట్లు దిగడం నాకింకా కలలోకి వస్తుంది. అప్పటినుంచి నా మాట ఒకటే, ఎమర్జెన్సీ మందులు చేతికందేంత దూరంలో లేకుండా ఏ కుక్కకూ టీకా వేయకూడదు. ఇంటికి వచ్చి వంద రూపాయలు తక్కువకు వేసి వెళ్లే కాంపౌండర్లనూ, అమ్మకంతోపాటే సూది కూడా పొడిచే పెట్ షాపులనూ దయచేసి నమ్మకండి. ఐస్ లేని సంచిలో తెచ్చిన టీకా పనిచేయదన్నది ఒక నష్టం. కుక్క పడిపోతే పక్కన ఎవరూ లేకపోవడం ఇంకో నష్టం.

మీ అత్తగారి భయాన్ని కొట్టిపారేయకండి. ఆవిడ తరంలో పిచ్చికుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిచేవారు. అది గొర్రె మెదడు నుంచి తీసిన టీకా. డేవిడ్ సెంపుల్ అనే ఆయన కసౌలీలో తయారుచేశారు కాబట్టి సెంపుల్ టీకా అనేవారు. దానివల్ల కొంతమందికి నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ పడిపోయిన మాట నిజం. మన దేశంలో దాని తయారీ 2004 చివరికి గానీ ఆగలేదు. అలాంటివి చూసిన కళ్లు సూదికి జంకుతాయి. కానీ ఇప్పుడు లడ్డూకి వేసేది ఆ మందు కాదని ఆవిడకు చెప్పండి. ఇది ల్యాబులో కణాల్లో పెంచి, చంపేసిన వైరస్. దీనివల్ల రేబిస్ వచ్చే అవకాశం లేదు. ఇంకో మాట కూడా చెప్పండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషైనా కుక్కైనా బతకడం దాదాపు ఉండదు. ప్రపంచంలో రేబిస్ చావుల్లో 36 శాతం మన దేశంలోనేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. పెరంబూరు వీధుల్లో లడ్డూని వాకింగ్‌కి తీసుకెళ్తారు. గేటు దాటగానే నాలుగు వీధికుక్కలు వచ్చి వాసన చూస్తాయి. మిగతా టీకాల్లో బేరం ఆడవచ్చు గానీ, రేబిస్ దగ్గర మాత్రం నేను బేరానికి రాను.

మీవారి సగం డోసు ఆలోచన బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది, కానీ కుదరదు. మాత్రలకు బరువు లెక్క ఉంటుంది. టీకాకు ఉండదు. గ్రేట్ డేన్‌కైనా చివావాకైనా ఒకటే ఒక మిల్లీలీటరు. రోగనిరోధక శక్తిని నిద్రలేపడానికి అంత మందు కావాలని పరీక్షించి నిర్ణయించిన మోతాదు అది. సగం వేస్తే రక్షణ వచ్చిందో లేదో ఎవరూ హామీ ఇవ్వలేరు. అలర్జీ సగమవుతుందా అంటే అదీ లేదు, దానికి ఆవగింజంత చాలు. సర్టిఫికెట్ చేతికి వస్తుంది, రక్షణ మాత్రం అనుమానమే. మీవారు తగ్గించాలనుకోవడంలో తప్పు లేదు. తగ్గించాల్సింది డోసును కాదు, ఒకే పూట వేసే టీకాల సంఖ్యను.

పోయినసారి జరిగిన పెద్ద పొరపాటు ఇదేనని నా అభిప్రాయం. తప్పు మందు వేశారని నేను అనను, మూడూ వాడదగ్గవే. కానీ మూడూ ఒకే పూట పడటంతో ఏది గిట్టలేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. పైగా శనివారం సాయంత్రం, క్లినిక్ మూసే వేళ. మీరు అడిగినా ‘మళ్లీ రావడం మీకే ఇబ్బంది కదా’ అనే ఉంటారు. మేమందరం అంటాం ఆ మాట.

ఈసారి ఇలా చేయండి. లడ్డూ వ్యాక్సినేషన్ బుక్ తీసి చూడండి. పిల్లప్పుడు నాలుగు నెలలు నిండేదాకా కోర్సు పూర్తయి, తర్వాత బూస్టర్లు పడి ఉంటే, నైన్ ఇన్ వన్‌లోని డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్ టీకాలకు ఇప్పుడు తొందర లేదు. ఇవి ప్రాణమున్న, బలహీనపరిచిన వైరస్ టీకాలు, వీటి రక్షణ ఏళ్ల తరబడి ఉంటుంది. పెద్ద కుక్కలకు వీటిని మూడేళ్లకోసారి కన్నా దగ్గరగా వేయక్కర్లేదని చిన్న జంతువుల వైద్యుల ప్రపంచ సంఘం (దాన్ని మేము వసావా అంటాం) మార్గదర్శకాల్లో ఉంది. మన దగ్గర ఏటా వేయడం అలవాటైపోయింది. మీ డాక్టరు ఏటా వేయాలి అంటే వాదన పెట్టుకోకండి, పోయినేడు వచ్చిన రియాక్షన్ చెప్పి ‘ఈ ఏడు ఇది వదిలేయొచ్చా’ అని అడగండి. చాలామంది ఒప్పుకుంటారు. నైన్ ఇన్ వన్‌లో ఉండే కరోనా (ఇది కుక్కల పొట్టకు వచ్చేది, మనల్ని ఇంట్లో కూర్చోబెట్టింది కాదు) అవసరమే లేదని అదే సంఘం ఎప్పుడో చెప్పింది. కెన్నెల్ కాఫ్ చుక్కలు మీరు ఊరెళ్లేటప్పుడు లడ్డూని బోర్డింగ్‌లో వదిలేట్టయితేనే ఆలోచించండి.

అప్పుడు మిగిలేవి రెండు, రేబిస్, లెప్టో. లెప్టో అంటే ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే జబ్బు, కుక్క కిడ్నీల్నీ లివర్‌నీ తినేస్తుంది, మనుషులకూ అంటుకుంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా చెన్నై వానలు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా! కాలవ, డ్రైనేజీ, రోడ్డు అన్నీ ఒకటైపోతాయి, లడ్డూ అందులోనే అడుగు పెడుతుంది. ఈ టీకా రక్షణ ఏడాదే కాబట్టి ఈ ఊళ్లో దీన్ని వదలమని నేను చెప్పలేను. ఆగస్టులో రేబిస్ ఒక్కటే వేయించండి. మూడు వారాలు ఆగి, సెప్టెంబరులో లెప్టో ఒక్కటే వేయించండి. వానలు మొదలయ్యేసరికి రక్షణ సిద్ధంగా ఉంటుంది. చాలా కంపెనీల నైన్ ఇన్ వన్, టెన్ ఇన్ వన్‌లు నిజానికి రెండు సీసాలు. ఒకదాంట్లో పొడి ఉంటుంది, అవి వైరస్‌లు. రెండోదాంట్లో ద్రవం, అందులో లెప్టో ఉంటుంది. రెండూ కలిపి ఎక్కిస్తారు. లెప్టో విడిగా దొరుకుతుంది, అడగండి. రేబిస్, లెప్టో కలిపి ఒకే సీసాలో వచ్చేది కూడా ఒకటి ఉంది. అది మీకు వద్దు, పొరపాటున తీయకుండా చూసుకోండి.

వారంలో మామూలు రోజు, పొద్దున్నే వెళ్లండి. పోయిన ఏడు రెండో ఆస్పత్రి వాళ్లు ఇచ్చిన చీటీ పట్టుకెళ్లండి, ఏయే ఇంజెక్షన్లతో తగ్గిందో అందులో ఉంటుంది. బుక్‌లో అతికించిన స్టిక్కర్ మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు చూపించి, వేరే కంపెనీది ఉందేమో కనుక్కోండి. టీకాకు ముందు అవిల్ లాంటి యాంటీ హిస్టమిన్ ఇంజెక్షన్ ఇవ్వాలా అన్నది డాక్టరు తేలుస్తారు. అది వాపును, దద్దుర్లను తగ్గించగలదు గానీ అనఫిలాక్సిస్‌ను ఆపుతుందన్న భరోసా లేదు. ఇంట్లోనే మాత్ర వేసి తీసుకెళ్లే పని మాత్రం పెట్టుకోకండి. టీకా అయ్యాక ఒక గంట అక్కడే బెంచీ మీద కూర్చోండి. రిసెప్షన్‌లో విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ‘అడ్రినలిన్ ఉందా’ అని అడగడానికి మొహమాటపడకండి. ఆ మాటకు నొచ్చుకునే డాక్టరు దగ్గర టీకా వేయించకపోవడమే మేలు. ఆ రోజు లడ్డూకి జ్వరం, విరేచనాలు, మరే నలతైనా ఉంటే వాయిదా వేయండి.

ఇంటికొచ్చాక ఆ రోజంతా ఒక కన్ను దాని మీదే వేసి ఉంచండి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడటం ఈలోగా నేర్చుకోండి. గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడి, రెండు సెకన్లలోపు మళ్లీ రంగు రావాలి. పగ్ చిగుళ్ల మీద నల్ల మచ్చలు ఉంటాయి, మచ్చ లేని చోట చూడండి. ముక్కు ఎండితే జ్వరమన్నది ఉత్త మాట. కుక్కకు మామూలు వేడి మనకన్నా ఎక్కువే, 101 నుంచి 102.5 ఫారన్‌హీట్. 104 దాటితే ఫోన్ చేయండి. మూతి వాపు మొదలైతే తగ్గుతుందేమోనని చూస్తూ కూర్చోకండి, వెంటనే బయల్దేరండి. చిగుళ్లు తెల్లబడ్డా, తూలినా, ఊపిరి గురగురలాడినా ఇక ఫోన్లు కూడా వద్దు, తీసుకెళ్లిపోవడమే. మీ వైపు రాత్రిళ్లు ఏ ఆస్పత్రి తెరిచి ఉంటుందో ఈ నెలలోనే కనుక్కుని నంబరు ఫ్రిజ్ మీద రాసిపెట్టండి. వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి మీకు దగ్గరే. రాత్రివేళ ఎవరు చూస్తారో వెళ్లి ఒకసారి అడిగి రండి. ఇంకో చిన్న సంగతి. రాత్రి పదింటికి కుక్కను చూసి ‘నాయా? వేండామ్మా’ (కుక్కా? వద్దమ్మా) అని వెళ్లిపోయే ఆటోలు ఈ ఊళ్లో బోలెడు. కుక్కను ఎక్కించుకునే ఒక ఆటో అన్న నంబరు దగ్గర పెట్టుకోండి.

గడ్డ గురించి. సూది వేసిన చోట కుంకుడు గింజంత గడ్డ కొన్ని వారాలు ఉండటం మామూలే, దానంతటదే కరుగుతుంది. నెలకు పోయిందంటే దాన్ని మరచిపోండి. ఈసారి వస్తే రుద్దకండి, కాపడం పెట్టకండి. పెరుగుతున్నా, వేడిగా ఉన్నా, చీము పట్టినా, రెండు నెలలకూ కరగకపోయినా చూపించండి. పగ్‌లకు చర్మం మీద మాస్ట్ సెల్ గడ్డలు (ఒక రకం క్యాన్సర్) రావడం ఎక్కువ కాబట్టి, ఏ గడ్డనైనా ‘అది టీకాదే’ అని ఇంట్లోనే తేల్చేయొద్దు. సన్న సూదితో కాస్త తీసి స్లైడు మీద చూస్తే తెలిసిపోతుంది.

సర్టిఫికెట్‌కి మీరు ఆందోళన పడక్కర్లేదు. కార్పొరేషన్ పెంపుడు కుక్క లైసెన్సుకు టీకాల్లో ముఖ్యంగా చూసేది రేబిస్‌నే. అది ఎలాగూ వేయిస్తున్నారు. తేదీ, స్టిక్కరు, డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. అపార్ట్‌మెంట్ వాళ్లు ‘నైన్ ఇన్ వన్ ఎక్కడ’ అంటే, రియాక్షన్ వల్ల ఈ ఏడు వాయిదా వేశామని డాక్టరు చేత బుక్‌లోనే ఒక ముక్క రాయించుకోండి.

స్నానానికి పెద్ద నియమమేమీ లేదు. నేనైతే మూడు రోజులు ఆగమంటాను. సూది చోట నొప్పిగా ఉంటుంది కాబట్టి, డీలాగా ఉన్నదాన్ని బలవంతాన తడపడం ఎందుకన్నదే కారణం. మరీ వాసన వస్తుంటే తడిగుడ్డతో తుడవండి. పగ్ మొహం మడతలు మాత్రం రోజూ తుడిచి ఆరబెట్టండి, దానికి టీకాతో సంబంధం లేదు.